చెట్టు కణములోని అల్లిక బుట్టలు



చెట్టు కదలదు గనుక దాని లోపలను రాకపోకలుండవని లోకులు తలంతురు. కాని ఆకులోని యొక కణమును తీసికొన్నచో అందొక సంతయే నడచుచున్నది. మాంసకృత్తులు ఒకచోట పుట్టును, వేఱొకచోట మెఱుగు దిద్దబడును, మఱియొకచోట నిలువ చేయబడును. ఈ చోట్ల నడుమ వానిని మోయునవి పలుచని పొరతో నైన మిక్కిలి చిన్న సంచులు. కొన్నిటికి వెలుపల అల్లికవంటి తొడుగొకటి యుండును. ఆ తొడుగు నెట్లు కనుగొనిరి, చెట్టు విషయమున దాని పనిని గూర్చి యేల శంకించిరి అనునదే నేటి నా ప్రసంగము. నేను వ్యాకరణతర్కములు చదివి బడిలో తెలుగు చెప్పినవాడను. ప్రయోగశాల యెఱిగినవాడను గాను. అయినను పూర్వపక్షము పుట్టుట, దానికి సమాధానము దొరకుట, ఆ సమాధానమునకు మరల ఆక్షేపణ కలుగుట అను క్రమము ఏ శాస్త్రమున కనబడినను నాకు రుచించును.

ఇటలీలోని పావియా నగరమున కామిల్లో గాల్జి 1898లో గుడ్లగూబ మెదడులోని నరకణములకు వెండిలవణముతో రంగెక్కించి, లోపల వలవంటి నిర్మాణమును చూచెను. అది నిజముగా నున్నదా, రంగు కలిగించిన భ్రమయా యని దాదాపు ఏబది యేండ్లు వివాదము సాగినది. ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని వచ్చినగాని తీరలేదు. పిదప అమెరికాలో జార్జి పలాడీయు ఆయన సహచరులును గినీపంది క్లోమకణములకు రేడియోధార్మికమైన ఆమైనో ఆమ్లము నిచ్చి, క్రొత్తగా పుట్టిన మాంసకృత్తు ఏ నిమిషమున నెచట నున్నదో వెంబడించిరి. అది అంతర్జీవద్రవ్యజాలమున పుట్టి, గాల్జి చూచిన నిర్మాణముగుండ సంచులలో వెలుపలికి పోవుచున్నదని తేలెను. పలాడీకి 1974లో మఱి యిద్దఱితోపాటు నోబెల్ బహుమానము లభించినది.

తొడుగుమాటను ప్రసిద్ధికి తెచ్చినది దోమ. 1964లో రాత్, పోర్టరు అను నిద్దఱు, రక్తము త్రాగిన ఆడదోమ అండకణములపై నూగుగల చిన్న గుంటలు విస్తారముగా నేర్పడి, గ్రుడ్డుసొనకు వలయు మాంసకృత్తును లోనికి మ్రింగుచున్నవని చూపిరి. ఆ నూగు నూగు కాదు, అల్లిక. 1969లో జపానువారగు కనసేకి, కడోటా దానియందు షట్కోణములు, పంచకోణములు కలసిన బుట్ట నల్లికను గుర్తించిరి. పంచకోణ షట్కోణములతో మూసిన బుట్ట నల్లవలెనన్న, బుట్ట యెంతదైనను పంచకోణములు 12 మాత్రమే యుండవలెనని గణితము చెప్పును. ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో బార్బరా పియర్సు పందిమెదళ్లనుండి ఆ సంచులను వేఱుచేసి, తొడుగులోని ముఖ్యమైన మాంసకృత్తునకు 1976లో క్లాత్రిన్ అని పేరు పెట్టెను. లాటినున అది జాలకమను అర్థముగల మాట. మన సంస్కృతమునను జాలకమనగా కిటికీ యల్లికయే గదా! ఇంత యొద్దికైన పేరు శాస్త్రములలో తఱచు దొరకదు. 1981లో ఆ క్లాత్రిన్ ముక్కాలిపీటవలె మూడు కాళ్లుగల ముద్దయని తెలిసినది. కాళ్లు మాత్రము వంకర. ఇట్టివి పెక్కు కాళ్లు పెనవేసికొని పొరను గుండ్రముగా వంచును. నడుమనుండు మఱికొన్ని మాంసకృత్తులు సరకు నేఱును. సంచి తెగిపోగానే తొడుగు విడిపోయి, మరల వేఱొక బుట్టకు పనికివచ్చును.

ఇక చెట్టు. 1966లోనే బానెట్, న్యూకోంబ్ అనువారు ముల్లంగి మూలకేశములలో ఇట్టి తొడుగు సంచులను చూచి ప్రకటించిరి. దోమకు కలిగిన కీర్తి ముల్లంగికి కలుగలేదు. కారణము లేకపోలేదు. జంతుకణము మెత్తనిది, చెట్టుకణమునకు చుట్టును గట్టి కవచము. లోని నీటి యొత్తిడి కవచమును సదా వెలుపలికి నెట్టుచుండును. పెక్కు కణములలో అది మోటారు చక్రపు గాలియొత్తిడిని మించును. అంతటి యొత్తిడి కెదురుగా పొర లోనికి వంగి సంచి యగుట యెట్లని పెద్దలడిగిరి. ఇది బలమైన పూర్వపక్షమే.

1984లో సోయాచిక్కుడు కణముల కవచమును కరగించి, ఇనుముగల ఫెరిటిన్ అను పదార్థమును పైన చేర్చి చూచిరి. అది తొడుగు గుంటలలో చేరి, తొడుగు సంచులలో లోనికి పోయినది. కాని కవచము తీసినపిమ్మట ఒత్తిడియే లేదు గదా, అసలు శంక అట్లే నిలిచె నని ప్రతివాది యనవచ్చును. నేనైనను అట్లే యందును. కవచముతో నున్న బ్రతికిన వేళ్లలో 2007లో దానికి ఉత్తరము దొరకినది. ఆవజాతికి చెందిన అరబిడాప్సిస్ అను చిన్న మొక్కలో, ఆక్సిన్ అను పెరుగుదల రసమును కణమునుండి వెలుపలికి పంపు మాంసకృత్తులు క్లాత్రిన్ బుట్టలలోనే పొరనుండి లోనికి వచ్చుచున్నవని చూపిరి. ఆ రసపు నడక ననుసరించియే వేరు క్రిందికి వంగును.

క్లాత్రిన్ కాక వేఱు తొడుగులును గలవు. అంతర్జీవద్రవ్యజాలమునుండి బయలుదేఱువాని తొడుగొకటి, వెనుకకు మరలువాని తొడుగింకొకటి. చెట్లలోను ఇవి యున్నవి. వాని కథ వేఱొకనాటికి.

నాకు మిక్కిలి యింపైనది బఠాణీగింజ వివాదము. మనము తిను పప్పులోని మాంసకృత్తు చాలవఱకు గింజకణములలోని రిక్తికలలో నిలువయైనదే. అచటికి దానిని చేర్చునవి క్లాత్రిన్ బుట్టలేయని 1980 తరువాతి యేండ్లలో కొందఱు నమ్మిరి. బఠాణీనుండి తీసిన ఆ సంచులలోనే సరకును గుర్తుపట్టి పట్టుకొను మాంసకృత్తొకటి 1994లో దొరకుటచే ఆ నమ్మకము మఱింత బలపడవలసినది. జరిగినది వేఱు. 1996లో జర్మనులును అమెరికావారును కలసి పరిశీలింపగా, నిలువసరకు క్లాత్రిన్ తొడుగులేని దట్టమైన వేఱు సంచులలో కనబడెను. 1999లో ఆ రెంటిని ప్రక్కప్రక్కన పరీక్షించిరి. గుర్తుపట్టు మాంసకృత్తు బుట్టలలో నున్నది. నిలువసరకు దట్టసంచులలో నున్నది. రెండును ఒకే గింజలో, ఒకే గాల్జి నిర్మాణమునుండి, వేర్వేఱు సంచులలో బయలుదేఱుచున్నవి.