ప్రత్యక్ష ప్రసారంలో అంతరాయం: రేడియో కాలం నుంచి ఇంటి కంప్యూటరు వరకు

ప్రసార సాధనాల చరిత్రను సాధారణంగా ప్రారంభోత్సవాల వరుసగా చదువుతాం. ప్రసారం ఆగిపోయిన సందర్భాల నుంచి కూడా దాన్ని చదవవచ్చు. ఆగినప్పుడు సరిచేయవలసినది ఎవరు? ఈ ప్రశ్నకు ఒక్కో కాలంలో ఒక్కో సమాధానం వచ్చింది. విజయవాడ, కృష్ణా డెల్టా నేపథ్యంలో ఆ మార్పును పరిశీలిద్దాం.

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. స్టూడియో బయట జరిగే కార్యక్రమాన్ని అప్పటికప్పుడు వినిపించాలంటే అక్కడి నుంచి స్టూడియో దాకా టెలిఫోను లైను కావలసి వచ్చేది. భద్రాచలం సీతారామ కల్యాణానికి ఉషశ్రీ వ్యాఖ్యానం విన్న తరం వారు మీ ఇళ్లలో ఇప్పటికీ ఉండవచ్చు, అడిగి చూడండి. మైకు, ఆంప్లిఫయరు, లైను, స్టూడియో, ట్రాన్స్‌మిటరు, ఇన్ని అంచెల్లో ఎక్కడ తేడా వచ్చినా చూసుకోవలసినది ఇంజనీర్లే. శ్రోత దగ్గర ఉన్నది రేడియో సెట్టు ఒక్కటే. అంతరాయానికి చింతిస్తున్నామన్న ప్రకటన వచ్చేదాకా అతను వేచి ఉండేవాడు. పక్కింటి రేడియో కూడా మూగబోతే తప్పు తన సెట్టుది కాదని తెలిసిపోయేది. ఈ పక్కింటి పరీక్షను గుర్తుంచుకోండి, మళ్లీ దీని అవసరం వస్తుంది.

హైదరాబాదులో 1977 అక్టోబరు 23న దూరదర్శన్ కేంద్రం మొదలైన తరువాత కూడా ఈ ఏర్పాటు పెద్దగా మారలేదు. మార్పు ఇంటర్నెట్టుతో వచ్చింది. 1993 జూన్ 24న అమెరికాలోని పాలో ఆల్టోలో సివియర్ టైర్ డ్యామేజ్ అనే వాద్యబృందం తన కచేరీని ఇంటర్నెట్టులో ప్రత్యక్షంగా పంపింది. బొమ్మ తపాలా బిళ్లంత, అదీ సెకనుకు పదిసార్లకు అటూ ఇటూగా మారేది. మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్టు అందుబాటులోకి తెచ్చింది. టెలిఫోను తీగ మీద వచ్చే ఆ ఇంటర్నెట్టు, తరువాతి మోడెములతో కూడా, సెకనుకు 56 కిలోబిట్లు దాటలేదు. ఆ రోజుల్లో వీడియో ఆగిందంటే కారణం దాదాపు ఎప్పుడూ లైనే.

ఇక్కడ బఫర్ అన్న మాటను అర్థం చేసుకోవాలి. బెజవాడ దగ్గర కృష్ణపై 1855లో ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి శివారు భూముల రైతుకు ఒక సంగతి తెలుసు: కాలువ నీరు ఎప్పుడూ ఒకే తీరున రాదు. వచ్చినప్పుడు చెరువు నింపుకొంటే రాని రోజున పైరు ఎండదు. కంప్యూటరు కూడా రాబోయే కొన్ని సెకన్ల వీడియోను ముందే నింపుకొంటుంది. రికార్డు చేసిన పాఠానికి ఈ చెరువు పెద్దది. ప్రత్యక్ష పాఠంలో రాబోయే నిమిషం ఇంకా జరగనే లేదు, కాబట్టి ఇక్కడ చెరువు చిన్న గుంట. అదే లైను మీద సినిమా హాయిగా నడిచి, ప్రత్యక్ష పాఠం ఆగిపోవడానికి ఇది ముఖ్య కారణం.

2017 డిసెంబరు 27న వెలగపూడిలో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్‌ను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా తీగలు లాగి, నెలకు 149 రూపాయలకు 15 మెగాబిట్ల వేగం ఇస్తామన్నారు. 720పి వీడియో పాఠానికి మూడు మెగాబిట్ల దాకా చాలు. గాలివానకు తీగ తెగడం మామూలే అయినా, లైను చాలదన్న పాత మాట బలం తగ్గింది. అడ్డంకి ఇంట్లోని పెట్టెలోకి చేరింది.

దానికి ఇంకో కారణం ఉంది. వీడియోను కుదించి పంపే పద్ధతుల్లో హెచ్.264 2003లో, వీపీ9 2013లో వచ్చాయి. కొత్తది తక్కువ డేటాతో సరిపెడుతుంది, విప్పడానికి మాత్రం ఎక్కువ శ్రమ అడుగుతుంది. 2016కు ముందు కొన్న చాలా కంప్యూటర్లలో వీపీ9ని పూర్తిగా విప్పే ప్రత్యేక భాగం లేదు. ఆ భారమంతా ప్రాసెసరు మీద పడుతుంది.

2020 జూన్‌లో నేను ఒక సంస్థ తరఫున ఇంటి నుంచే చరిత్ర పాఠాలు చెబుతున్నాను. అవనిగడ్డ వైపు నుంచి, మందుల దుకాణంలో పనిచేస్తూ చదువుకుంటున్న ఒక విద్యార్థిని ఫోను చేసింది. "సార్, పావుగంట బాగానే వస్తోందండి. తరవాత మీ బొమ్మ ఆగిపోయి మాట మాత్రం వినపడుతోంది. ఇంకాసేపటికి మౌసు కూడా కదలట్లేదండి." నెట్టు తక్కువైందని ఎవరో చెబితే అప్పటికే రెండుసార్లు అదనంగా రీఛార్జి చేయించింది. ఆ సంస్థ పాఠాలను రికార్డు చేసి ఉంచేది కాదు, కాబట్టి పోయిన పాఠం పోయినట్టే.

ఆ అమ్మాయి చెప్పిన మూడు మాటల్లోనే ఆధారాలు ఉన్నాయి. మాట వస్తోంది, అంటే లైను నడుస్తోంది. లైను చాలకపోతే తెర మీద చక్రం తిరుగుతుంది, మౌసు మాత్రం కదులుతుంది. అప్పుడు పక్కింటి పరీక్ష చేయాలి, అదే లైను మీద ఫోనులో పాఠం పెట్టి చూడాలి. బొమ్మ మాత్రమే ఆగితే వీడియోను విప్పే శక్తి చాలడం లేదని అర్థం. నాణ్యతను 360పికి తగ్గించడం, మిగతా ట్యాబులు మూసేయడం మొదటి పని. బ్రౌజరు సెట్టింగుల్లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌ను మార్చి చూడటం రెండోది. పాత గ్రాఫిక్స్ డ్రైవరు ఉన్నచోట దాన్ని ఆపితే మేలు, కొన్నిచోట్ల ఆపితే ప్రాసెసరు ఇంకా కుంగిపోతుంది. అందుకే ఒకసారికి ఒకే మార్పు చేయాలి. రెండు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

పావుగంట తరువాతే ఆగడం మూడో ఆధారం. మొదట బాగుండి క్రమంగా మొరాయిస్తే వేడిని అనుమానించాలి. ప్రాసెసరు మరీ వేడెక్కితే తన వేగాన్ని తనే తగ్గించుకుంటుంది, అప్పటికీ తగ్గకపోతే యంత్రం నిలిచిపోతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజరు తెరిచి ఉంచమన్నాను. ప్రాసెసరు వంద శాతం దగ్గర ఉంది, మెమరీ సగమే నిండింది. సీపీయూ పెట్టె బల్ల కింది అరలో, తలుపు మూసి ఉంది. కరెంటు తీసి మూత విప్పితే ఫ్యాను రెక్కలకు దుమ్ము దట్టంగా పట్టి ఉందట. శుభ్రం చేసి, పెట్టెను బయట పెట్టి, నాణ్యత తగ్గించాక తరువాతి పాఠం చివరిదాకా నడిచింది.

రేడియో కాలంలో ఇంజనీర్లు చేసిన పని ఇప్పుడు ఆ అమ్మాయి చేసింది. ఆమెకు ఆ పని ఎవరూ నేర్పలేదు, అంతరాయానికి చింతిస్తున్నామని కూడా ఎవరూ అనలేదు. ప్రత్యక్ష పాఠం చెప్పే సంస్థ దాన్ని రికార్డు చేసి ఉంచడం కనీస బాధ్యత అని నా అభిప్రాయం.

అభ్యాసం: మీ ఇంట్లో లేదా అధ్యయన కేంద్రంలో ప్రత్యక్ష పాఠం ఆగిన ఒక సందర్భాన్ని తీసుకోండి. ఎంతసేపటికి ఆగింది, మాట వినిపించిందా, మౌసు కదిలిందా, అదే లైను మీద ఇంకో పరికరం నడిచిందా అన్నవి రాసి, కారణాన్ని నిర్ణయించండి.