పాత గిటారు కొనే ముందు తారీఖు చదవాలి



తెలుగులో తారీఖు అంటే తేదీ. ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ మాత్రమే కాదు, చరిత్ర కూడా. అరబీ నుంచి వచ్చిన ఆ మాటలో సగం అర్థాన్ని తెలుగులోకి తెచ్చుకుని మిగతా సగాన్ని వదిలేశాం. పాత వస్తువు కొనేటప్పుడు మాత్రం ఆ రెండో సగం తెలియకపోతే జేబు ఖాళీ అవుతుంది. నాకు ఈ సబఖ్ నేర్పింది ఒక పాత ఎలక్ట్రిక్ గిటారు.

మొన్న ఈద్‌కు మా ఆపా కొడుకు బెంగళూరు నుంచి మడకశిర వచ్చాడు. అక్కడ వాడికి నౌకరీ. షీర్ ఖుర్మా తాగాక నన్ను మిద్దె మీదికి తీసుకెళ్లి ఫోన్‌లో ఒక ఫోటో చూపించాడు. ఎర్ర రంగు, చిన్న గిటారు.

"మామూ, ఇది ఫెండర్ మస్టాంగ్. 1964ది. అమ్మే అంకుల్ రెండు లక్షల ఇరవై వేలు అంటున్నారు. రెండేళ్లుగా కూడబెట్టాను. అమ్మీకి మీరే చెప్పాలి."

అమ్మీకి ఆ ఖబర్ అప్పటికే చేరింది. కిందికి దిగగానే ఆపా నన్నే నిలదీసింది. "అరవై ఏళ్ల పాత కట్టెకు రెండు లక్షలా? నువ్వు జామీను ఉంటావా దీనికి?"

జామీను అనే మాటకు నా నోరు పెగల్లేదు. ఎందుకంటే పాతికేళ్ల కిందట నేను కూడా బెంగళూరులో ఒక పాత సామాన్ల దుకాణంలో "అసలు జపాన్ మాల్, అరవైల నాటిది" అన్న మాట నమ్మి ఏడు వేలు పోసి ఒక గిటారు తెచ్చుకున్నాను. అప్పట్లో అది నా రెండు నెలల జీతం. తర్వాత మరమ్మతు చేసే ఉస్తాద్ దాన్ని విప్పి చూసి నవ్వాడు. మెడ ఒక గిటారుది, ఒళ్లు ఇంకొకదానిది, లోపలి వైర్లన్నీ కొత్తవి. తిరిగి వెళ్లి అడిగితే "చూసుకునే కదా తీసుకున్నావు" అన్నారు. రసీదు మీద "గిటారు ఒకటి" అని తప్ప ఇంకేమీ లేదు. అందుకే ఈసారి మా భాంజాతో పాటు నేనూ వెళ్లాను. మొదటిసారి కొనేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. సంగీతం జాయజా, నాజాయజా అన్న బహస్ ఉలమాలకు వదిలేస్తున్నాను. నేను చెప్పేది ఖరీదు గురించి, తారీఖ్ గురించి.

ఊద్ నుంచి కరెంటు దాకా

ఆపా "కట్టె" అన్నది ఎగతాళికే. కానీ అరబీలో ఊద్ అంటే అర్థం కూడా కట్టే. ఆ ఊద్ వాద్యం అరబ్బులతో స్పెయిన్ చేరింది. 822లో ఖుర్తుబా, అంటే కార్డోబా, దర్బారుకు వచ్చిన జిర్యాబ్ దానికి ఐదో తీగ చేర్చాడని అల్-మఖ్ఖరీ 17వ శతాబ్దంలో రాశాడు. యూరప్ వాళ్ల ల్యూట్ అనే పేరు అల్-ఊద్ నుంచే వచ్చింది. గిటారు అనే మాట గ్రీకు కితారా, అరబీ ఖీతారా, స్పానిష్ గిటార్రాల వరుసలోది. కాబట్టి గిటారును మనకు పూర్తిగా పరాయి వస్తువు అనడం తారీఖ్ తెలియని మాట.

దానికి కరెంటు కలిసింది అమెరికాలో. 1932లో రికెన్‌బాకర్ కంపెనీ ఒడిలో పెట్టుకుని వాయించే హవాయి గిటారును అమ్మకానికి తెచ్చింది. పెనంలా ఉందని జనం దాన్ని "ఫ్రైయింగ్ పాన్" అన్నారు. లోపలి కిటుకు తేలికైనదే. అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగ చుడతారు. పైన ఉక్కు తీగ కదిలితే ఆ చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. దాన్ని యాంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. ఆ చుట్టనే పికప్ అంటారు. పెనుకొండ బాబయ్య దర్గా ఉర్సుకు వెళ్లేవాళ్లకు ఖవ్వాలీ పార్టీల "బెంజో" తెలిసే ఉంటుంది. అది 1912లో జపాన్‌లోని నగోయాలో పుట్టిన తైషోగోతో. మన దేశానికి వచ్చి బుల్‌బుల్ తరంగ్ అయింది. దానికి పికప్ బిగించి స్పీకర్లలో వినిపించడం కూడా ఇదే కిటుకు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ జంట తీగలు తీసేసి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక రాగాలు పలికించింది కూడా దీనితోనే.

ఒక్క సంవత్సరం తేడాకు అంత ధరా?

లియో ఫెండర్ రేడియోలు మరమ్మతు చేసే మనిషి. ఆయనకు గిటారు వాయించడం రాదు. 1950లో గుల్ల లేని నిండు చెక్కతో గిటారు చేయించాడు, అదే 1951లో టెలికాస్టర్ అయింది. 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చింది. గిబ్సన్ కంపెనీ 1952లో లెస్ పాల్ తెచ్చింది. ఆ కంపెనీ 1958 నుంచి 1960 వరకు చేసిన సన్‌బర్స్ట్ లెస్ పాల్ గిటార్లు అప్పట్లో సరిగా అమ్ముడుపోలేదు. 1961కి ఆకారమే మార్చేశారు. 1966లో ఎరిక్ క్లాప్టన్ అలాంటి గిటారు వాయించిన రికార్డు వచ్చాక అందరూ వాటి కోసం వెతకడం మొదలుపెట్టారు. ఇవాళ అవి లక్షల డాలర్ల మాల్.

1965 జనవరిలో ఫెండర్ కంపెనీని సీబీఎస్ అనే పెద్ద సంస్థ సుమారు 1 కోటి 30 లక్షల డాలర్లకు కొనేసింది. ఆ తర్వాత పనితనం తగ్గిందని వాయించేవాళ్ల నమ్మకం. అందుకే "సీబీఎస్‌కు ముందుది" అన్న మాటకే వేరే ధర ఉంది. ఇప్పుడు మా భాంజా చెప్పిన 1964కు అర్థం చూడండి. ఆ అంకెలో రెండేళ్లు ముందుకు జరిగితే ధర కిందికి దిగుతుంది.

ఒక్క గవాహీ చాలదు

పాత గిటారు వయసు తేల్చడానికి ఒకే సాక్ష్యం మీద ఫైసలా చేయకూడదు.

మొదటిది సీరియల్ నంబరు. పాత ఫెండర్లలో అది నాలుగు స్క్రూలతో బిగించిన ప్లేటు మీద ఉంటుంది. స్క్రూలు విప్పితే ఆ ప్లేటు ఇంకో గిటారుకు వెళ్లిపోతుంది. గిబ్సన్ 1960లలో, 70ల మొదట్లో ఒకే నంబరును వేర్వేరు సంవత్సరాల్లో మళ్లీ మళ్లీ వాడింది. 1977 నుంచే ఎనిమిది అంకెల పద్ధతి వచ్చింది. అందులో ఒకటో అంకె, ఐదో అంకె కలిపితే సంవత్సరం.

రెండోది లోపలి వాల్యూమ్ మీటలు. వాటిని పాట్లు అంటారు. వాటి వీపు మీద అంకెలుంటాయి. 137 అంటే సీటీఎస్ కంపెనీ, 304 అంటే స్టాక్‌పోల్. 137 తర్వాత 6612 అని ఉంటే 1966లో 12వ వారం. అయితే ఇది పాట్ పుట్టిన తేదీ. గిటారు అంతకంటే ముందుది కాదని మాత్రమే దీనితో తేలుతుంది. ఫెండర్ వాళ్లు 1966లో పెద్ద మొత్తంలో పాట్లు కొని తర్వాత కొన్నేళ్లు అవే వాడారు. పైగా టంకం కొత్తగా మెరుస్తుంటే ఆ పాట్ తర్వాత మార్చినదే కావచ్చు.

మూడోది మెడ మొదలు. ఫెండర్ మెడ విప్పితే కింద నెల, సంవత్సరం ముద్ర కనిపిస్తుంది. అమ్మేవాళ్ల ఇజాజత్ తీసుకుని, చేయి తిరిగిన ఉస్తాద్‌తోనే విప్పించండి. విప్పడానికి ససేమిరా అంటే కనీసం ఆ ఫోటోలైనా అడగండి. అవీ ఇవ్వకపోతే సలాం చెప్పి వచ్చేయండి.

జపాన్ గిటార్ల విషయంలో ఒక మాట. 1977లో గిబ్సన్ యజమానులైన నార్లిన్ కంపెనీ, ఐబనేజ్ గిటార్లు అమ్మే ఎల్గర్ మీద గిటారు తల ఆకారం గురించి దావా వేసింది. ఆ ఒక్క దావా పేరు చెప్పి ఇప్పుడు 70ల నాటి ప్రతి జపాన్ నకలునూ "లాసూట్ గిటారు" అని అమ్ముతారు. ఆ పేరు వినగానే ధర పెంచకండి.

ఐబు, మరమ్మతు

ఐబులు లేని అరవై ఏళ్ల వస్తువు ఉండదు, మనిషి ఉండడు. ఐబు దాచడమే అసలు తప్పు. గింజల రాశిలో చేయి పెట్టి, లోపలి తడిని చూసి, ఆ తడిని జనానికి కనపడేలా పైన ఎందుకు పెట్టలేదని మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) అడిగిన సంగతి మనందరికీ తెలిసిందే. గిటారులో కూడా తడి గింజలు లోపలే ఉంటాయి.

గిబ్సన్ గిటార్లకు తల వెనక్కి వంగి ఉంటుంది. కింద పడితే అక్కడే విరుగుతుంది. అతికించినది బాగానే మోగవచ్చు, కానీ ధర సుమారు సగానికి పడుతుంది. మళ్లీ రంగు వేసిన గిటారుకూ దాదాపు అంతే. చీకటి గదిలో అల్ట్రావయొలెట్ టార్చి వేసి చూడండి. పాత నైట్రోసెల్యులోజ్ పూత ఒక రకంగా వెలుగుతుంది, తర్వాత వేసిన పూత ఇంకో రకంగా కనిపిస్తుంది. మెడను తుపాకీ గురి చూసినట్టు ఒక కంటితో చివరి నుంచి చూస్తే వంకర తెలుస్తుంది. పికప్‌లను మల్టీమీటరుతో కొలవండి. ఒంటి చుట్ట పికప్ సాధారణంగా 5 నుంచి 7 కిలో ఓమ్‌లు, జంట చుట్టది 7 నుంచి 9. ఏమీ చూపకపోతే లోపల తీగ తెగినట్టే.

మా వైపు గాలి పొడి. అనంతపురం ఎండలకు చెక్క కుంచించుకుని ఫ్రెట్ల కొనలు చేతికి గుచ్చుకుంటాయి. పెట్టెలో తేమ సగానికి దగ్గరగా ఉండేలా చూసుకోండి.

పాత అమెరికన్ యాంప్లిఫయర్ కూడా ఇస్తామంటే జాగ్రత్త. అది 110 వోల్టులది. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది. వాల్వుల యాంప్ అయితే ప్లగ్గు తీశాక కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసే కరెంటు నిలిచి ఉంటుంది. పిల్లలను విప్పనివ్వకండి.

విదేశం నుంచి తెప్పించేవాళ్లు చెక్క గురించి వాకబు చేయాలి. బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992 నుంచి సైటీస్ ఒప్పందంలో అత్యంత కఠినమైన జాబితాలో ఉంది. 60ల మధ్య వరకు చేసిన చాలా గిటార్ల మెడ పలక ఆ చెక్కే. అనుమతి పత్రం లేకుండా సరిహద్దు దాటితే జప్తు కావచ్చు. ఆ తర్వాత వాళ్లు ఎక్కువగా వాడింది మన దక్షిణాది ఇరుగుడు చెక్క.

ఇంకో మాట. 1991కి ముందు విదేశీ గిటారు మనకు అందని మాల్. అప్పటి మన కుర్రాళ్లు గివ్‌సన్, హాబ్నర్ లాంటి కలకత్తా గిటార్ల మీదే వేళ్లు అరగదీసుకున్నారు. మీ ఇంటి అటక మీద అలాంటిది ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి. అది మన తారీఖ్. మొదటిసారి కొనేవాళ్లకు నా సలహా కూడా అదే: అద్దాల బీరువాలో పెట్టే గిటారు కాకుండా, మరమ్మతు జరిగిందని నిజం చెప్పి తక్కువకు ఇచ్చే గిటారు తీసుకోండి. మీ బడ్జెట్‌లో పదో వంతు ఉస్తాద్ కోసం పక్కన పెట్టుకోండి.

రసీదు

ఇక మస్టాంగ్ సంగతి. అమ్మే పెద్దమనిషి చనిపోయిన తన అన్నగారి గిటారు అది. మర్యాదగా కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. వెనక ప్లేటు మీద పెద్ద "ఎఫ్" అక్షరం కనిపించింది. ఆ ప్లేటు 1965 చివర్లో మొదలైంది. నాకు అక్కడే షక్ వచ్చింది. ఉస్తాద్ విప్పితే ఒక పాట్ కొత్తది, ఇంకోటి 1966లో 12వ వారం. మెడ కింద ముద్ర 1966 మే. మూడు గవాహీలు ఒకే మాట చెప్పాయి.

పెద్దాయన ఆ ముద్రను చాలాసేపు చూశారు. "మా అన్న ఎప్పుడూ అరవై నాలుగే అనేవాడు" అన్నారు. ఆయన దగా చేయలేదు, విన్నదే చెప్పారు. ఒక లక్షా ఎనభై ఐదు వేలకు ఒప్పుకున్నారు. నేను ఇంకా తగ్గించమని అడగబోతే భాంజా నా చేయి పట్టుకుని ఆపాడు. వాడిదే సరైన పని.

రసీదు వాడే రాశాడు. సంవత్సరం 1966, ఒక పాట్ మార్చినది, మూడు ఫ్రెట్లు అరిగినవి, తల విరగలేదు, రంగు అసలుది. పెద్దాయన చదివి దస్తఖత్ చేశారు. నా ఏడు వేల గిటారుకు లేనిది ఆ కాగితమే.

మడకశిరలో ఆపా గిటారును ముట్టలేదు. రసీదు మాత్రం కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివింది. ఇనాం భూమి కాగితాలు పెట్టే ట్రంకు పెట్టెలో దాచింది. "రేపు నువ్వు అమ్మితే ఇదే చూపించాలి, ఒక్క ఐబు కూడా దాచొద్దు" అంది కొడుకుతో.

జామీను ఆమే ఉంది.