ఛాతీమంట మాత్రల చరిత్ర

గోదావరికి ఇరువైపుల నున్న కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములలో “గ్యాస్ గోలీ” అను మాట తెలియనివారు అరుదు. భోజనము తరువాత ఛాతీలో మంట పుట్టినను, పులిత్రేపులు వచ్చినను మందుల దుకాణమునకు పోయి ఆ గోలీని అడుగుదురు. ఒకనాటి బాధకు వేసికొన్న మాత్ర కొందరికి ఏండ్ల తరబడి విడువని అలవాటగును. ఇట్లు దీర్ఘకాలము వాడుట క్షేమమేనా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఈ మందుల చరిత్ర అంతటను ఇది వెన్నంటియే ఉన్నది.

జఠరరసములోని ఆమ్లము హైడ్రోక్లోరిక్ ఆమ్లమేయని 1823లో ఇంగ్లండు దేశీయుడగు విలియం ప్రౌట్ తెలిపెను. పాఠశాల ప్రయోగశాలలో సీసాలో నుండునదియు ఇదియే. ఆహారముతో వచ్చు సూక్ష్మజీవులలో పెక్కింటిని ఇది చంపును. మాంసకృత్తుల జీర్ణమునకును, ఆహారములోని బి12 విటమిను, ఇనుము ఒంటబట్టుటకును తోడ్పడును. జఠరపు గోడను దట్టమైన శ్లేష్మపు పొర కాపాడును. అన్నవాహికకు అంతటి రక్షణ లేదు. ఆమ్లము పైకి ఎగదన్నినపుడు మంట పుట్టుట ఇందువలననే. అనగా ఆమ్లము మనకు శత్రువు కాదు. చోటు తప్పినపుడే అది బాధించును.

ఆమ్లమును క్షారముతో తటస్థీకరించుట తొలినాటి ఉపాయము. 1915లో అమెరికా వైద్యుడు బెర్ట్రం సిప్పీ, కడుపులో పుండు గలవారికి పాలు, మీగడలతో పాటు క్షారపు పొడులను మాటిమాటికి ఇచ్చు చికిత్సను ప్రకటించెను. అది విరివిగా వాడుకలోనికి వచ్చెను. కాని 1923 నాటికే, ఆ చికిత్స పొందువారిలో కొందరికి తలనొప్పి, వికారము, మూత్రపిండముల బాధ కలుగుచున్నట్లు వైద్యులు గుర్తించిరి. రక్తములో కాల్షియము, క్షారత్వము మితిమీరుటయే దీనికి కారణము. పాలు, సోడా వంటి ఇంటి వస్తువులు కూడ మోతాదును, కాలమును మీరినచో హాని చేయునని ఆనాడే తేలినది.

తరువాతి మార్గము ఆమ్లము పుట్టుటనే తగ్గించుట. జఠరకణములను ఆమ్లము స్రవింపజేయునట్లు ప్రేరేపించు హిస్టమిన్‌ను అడ్డగించు సిమెటిడిన్‌ను జేమ్స్ బ్లాక్ బృందము రూపొందించెను. అది 1976లో బ్రిటనులో అమ్మకమునకు వచ్చెను. 1981లో రానిటిడిన్ వచ్చెను. 1988లో బ్లాక్ నోబెల్ బహుమతిని పంచుకొనెను. ఆ యేటనే స్వీడనులో రూపొందిన ఒమెప్రజోల్ విపణిలోనికి వచ్చెను. ఇది ఆమ్లమును వెలికి త్రోయు ప్రోటాన్ పంపునే మూసివేయును.

ఒమెప్రజోల్ పుట్టుకలోనే ఒక భయము కలిగెను. జీవితకాలమంతయు ఈ మందు తిన్న ఎలుకల జఠరములలో గడ్డలు కనబడుటచే 1984లో మానవులపై పరీక్షలను నిలిపివేసిరి. ఆమ్లము మిక్కిలి తగ్గగా గాస్ట్రిన్ అను హార్మోను హెచ్చి, కొన్ని కణములు వృద్ధి చెందుటయే కారణమని తేలిన పిదప పరీక్షలు మరల సాగెను.

అదే 1984లో కల్లం అంజిరెడ్డి హైదరాబాదులో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించిరి. ఆ సంస్థ తయారుచేయు “ఒమెజ్” ఒమెప్రజోలే. రానిటిడిన్‌ను కూడ ఆ సంస్థ తయారుచేసెను. 2019లో రానిటిడిన్ మాత్రలలో ఎన్.డి.ఎం.ఎ. అను నైట్రోసమీన్ ఉన్నట్లు బయటపడెను. ఇది మానవులకు క్యాన్సరు కలిగింపవచ్చునని భావింపబడు పదార్థము. ఆ అక్టోబరులో డాక్టర్ రెడ్డీస్ అమెరికాలోని తన రానిటిడిన్ మాత్రలను వెనుకకు తీసికొనెను. ఈ కల్మషము రానిటిడిన్ అణువునుండియే పుట్టుననియు, నిలువయుంచిన కాలము, ఉష్ణోగ్రత పెరిగిన కొలది హెచ్చుననియు పరీక్షలలో తేలినది. 2020 ఏప్రిలులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ మందును పూర్తిగా ఉపసంహరింప కోరెను. 2022లో భారతదేశపు అత్యవసర ఔషధముల జాబితానుండి అది తొలగింపబడినది. వేసవిలో ఎండ 45 డిగ్రీలను తాకు రామగుండము, ఆదిలాబాదు వారికి, మందును ఎక్కడ, ఎంత వేడిలో నిలువయుంచితిమన్నది చిన్న విషయము కాదు. దాదాపు నలువది యేండ్లు వాడిన మందులో సైతము దోషము దాగియుండవచ్చును.

ఒమెప్రజోల్ వర్గముపైనను హెచ్చరికలు వెలువడినవి. ఎముకలు విరుగుటను గూర్చి 2010లో, రక్తములో మెగ్నీషియము తగ్గుటను గూర్చి 2011లో, ఒక విధమైన తీవ్ర విరేచనములను గూర్చి 2012లో అమెరికా సంస్థ తెలిపెను. అయితే ఇట్టి అనుమానములలో పెక్కింటికి ఆధారము, మందు వాడువారిని వాడనివారితో పోల్చిన పరిశీలనలు. మాత్ర వాడువారు తరచుగా ముదుసలులు, ఇతర రోగములు గలవారు. హాని మాత్రవలన కలిగినదో, రోగమువలన కలిగినదో పరిశీలనవలన మాత్రమే నిశ్చయింప జాలము. కావున గుండె, రక్తనాళముల వ్యాధి గల 17,598 మందిని చీటీలు వేసినట్లు రెండు గుంపులుగా విభజించి, ఒక గుంపునకు పాంటోప్రజోల్, రెండవదానికి మందులేని మాత్ర ఇచ్చి, సుమారు మూడేండ్లు గమనించిరి. 2019లో ఫలితములు ప్రకటింపబడినవి. ప్రేగుల అంటురోగములు మందు గుంపులో 1.4 శాతము, రెండవదానిలో 1.0 శాతము, అనగా వేయిమందిలో నలుగురు ఎక్కువ. తక్కిన హానులలో స్పష్టమైన భేదము కనబడలేదు. ఇది ఊరటనిచ్చు ఫలితమే. కాని మూడేండ్ల పరీక్ష ఇరువదియేండ్ల వాడుకకు పూర్తి సాక్ష్యము కాజాలదు.

మరి అలవాటు ఏల వీడదు? 2009లో ప్రకటింపబడిన డెన్మార్కు ప్రయోగము దీనికి జవాబు చెప్పినది. ఛాతీమంట లేని 120 మంది ఆరోగ్యవంతులలో కొందరికి ఎనిమిది వారములు ఈ వర్గపు మందు నిచ్చి ఆపిరి. పిదప వారిలో 44 శాతము మందికి ఆమ్లబాధలు కలిగెను. మందులేని మాత్ర పొందినవారిలో 15 శాతమునకే. అణచిన ఆమ్లము మందు మానగనే పొంగివచ్చును. మానిన వెంటనే వచ్చిన మంటను పాతరోగమని భ్రమించి మరల మాత్ర అందుకొనువారు కలరు. వైద్యుని సలహాతో మెల్లగా తగ్గించుకొనుట మేలు.

అందరును మానవలసినదని దీని యర్థము కాదు. అన్నవాహిక తీవ్రముగా పుండైనవారికి, పూర్వము పుండునుండి రక్తము కారియుండియు నొప్పి మాత్రలు మానలేనివారికి ఈ మందు ప్రాణరక్షకము. కడుపులో పుండునకు హెలికోబాక్టర్ అను సూక్ష్మజీవి కారణమైనచో, ఏండ్ల తరబడి ఆమ్లము నణచుటకంటె కొలదిదినముల చికిత్సతో దానిని నిర్మూలించుట ఉత్తమము. ఆ సూక్ష్మజీవిని వెల్లడించిన బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి లభించినది. ముద్ద మ్రింగుట కష్టమైనను, కారణము లేక బరువు తగ్గినను, మలము నల్లనైనను గోలీతో కాలము గడపరాదు. చెమటతో, ఆయాసముతో వచ్చు ఛాతీమంట గుండెపోటు కావచ్చును. వెంటనే ఆసుపత్రికి పోవలెను.

మాత్ర మంచిదా, చెడ్డదా అను ప్రశ్నకు ఒక్కమాటలో జవాబు లేదు. ఎవరికి, ఏ కారణమున, ఎంతకాలము అని అడుగవలెను. ఇంటిలో రోజును గోలీ వేసికొను పెద్దలున్న విద్యార్థులు, అది ఎవరు వ్రాసిచ్చిరో, ఎందులకో, ఎన్నాళ్లకో చీటీ తీసి చూపుమని కోరవచ్చును. చీటీయే లేనిచో, వైద్యుని అడుగవలసిన మొదటి ప్రశ్న అదియే.