కాంక్రీటు స్లాబులో ఉక్కు కడ్డీలు

కట్టడాలకు అంతస్తుగా లేదా పైకప్పుగా పోసే కాంక్రీటు పలకను స్లాబు అంటారు. స్లాబు వంగి పగలకుండా అందులో అమర్చే ఉక్కు కడ్డీల అల్లికను ప్రబలనము అని, అటువంటి కాంక్రీటును ప్రబలిత కాంక్రీటు అని అంటారు. వాడుకలో దీనిని ఆర్.సి.సి. అని, కడ్డీలను ఊచలు, చువ్వలు అని వ్యవహరిస్తారు. స్లాబు బలము ఉక్కు ఎంత వేశారన్న దానిపైనే కాక, అది స్లాబు మందములో ఏ ఎత్తున ఉన్నదన్న దానిపై కూడా ఆధారపడుతుంది.

ఉక్కు అవసరము

సుద్దముక్కను నిలువుగా నొక్కితే సులభంగా విరగదు. వంచితే వెంటనే విరుగుతుంది. కాంక్రీటు స్వభావమూ ఇటువంటిదే. నొక్కే బలాన్ని అది బాగా తట్టుకుంటుంది. లాగే బలాన్ని తట్టుకొనే శక్తి మాత్రము అందులో సుమారు పదోవంతే. గోడల మధ్యనున్న స్లాబుపై బరువు పడినపుడు అది కొద్దిగా క్రిందికి వంగుతుంది. అప్పుడు పైభాగము నొక్కుకుంటుంది, అడుగుభాగము సాగుతుంది. అందువలన కడ్డీలను అడుగున అమర్చుతారు. ఉక్కు, కాంక్రీటు వేడికి దాదాపు ఒకే మేరకు వ్యాకోచిస్తాయి కనుక ఎండకు, చలికి ఒకదానినుండి మరొకటి విడిపోవు.

చరిత్ర

ఫ్రాన్సు దేశపు తోటమాలి జోసెఫ్ మోనియే ఇనుము పొదిగిన పూలతొట్లకు 1867లో పేటెంటు పొందాడు. ఫ్రాన్సువా ఎన్నెబిక్ స్తంభాలు, దూలాలు, స్లాబులను ఒకే కట్టడముగా పోసే పద్ధతికి 1892లో పేటెంటు పొందాడు.

అమరిక

ఎదురెదురుగా రెండు గోడలపై ఆనిన స్లాబులో ప్రధాన కడ్డీలు గోడ నుండి గోడకు ఉంటాయి. వాటికి అడ్డముగా కట్టే పంపిణీ కడ్డీలు బరువును పంచి, కాంక్రీటు కుంచించుకొనేటపుడు వచ్చే పగుళ్ళను అదుపు చేస్తాయి. నాలుగు వైపులా ఆనిన స్లాబులో పొడవు వెడల్పుకు రెండు రెట్లు మించకపోతే రెండు దిశలలోనూ ప్రధాన కడ్డీలే వేస్తారు.

భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 456 (2000) స్లాబులకు నిర్దేశించిన ముఖ్య నియమాలు:
* కడ్డీ వ్యాసము స్లాబు మందములో ఎనిమిదోవంతుకు మించరాదు.
* ప్రధాన కడ్డీల మధ్య దూరము 300 మి.మీ.కు మించరాదు.
* మెలికల ఉక్కు వాడినపుడు దాని వైశాల్యము స్లాబు అడ్డకోత వైశాల్యములో కనీసము 0.12 శాతము ఉండాలి.

బాల్కనీలు, సజ్జలు

ఒక వైపే ఆధారమున్న బాల్కనీ, సజ్జలలో పరిస్థితి తలక్రిందులవుతుంది. కొస క్రిందికి వంగుతుంది కనుక సాగేది పైభాగము. ప్రధాన కడ్డీలు పైననే ఉండాలి. ఉదాహరణకు 125 మి.మీ. మందముగల బాల్కనీలో కడ్డీ మధ్యభాగము అడుగునుండి 100 మి.మీ. ఎత్తున ఉండాలనుకుందాము. కాంక్రీటు పోసేవారు త్రొక్కడము వలన అది 30 మి.మీ. క్రిందికి దిగితే, ఒక్క కిలో ఉక్కు తగ్గకపోయినా స్లాబు శక్తిలో దాదాపు మూడోవంతు పోతుంది. సెంట్రింగు తీసినపుడు ఇటువంటి సజ్జలు కూలే ప్రమాదమున్నది. అందుచేత పై కడ్డీల క్రింద వంచిన ఊచలతో చేసిన ‘చైర్లు’ నిలుపుతారు, నడవడానికి పలకలు వేస్తారు.

కవరు, తుప్పు

కడ్డీకి, కాంక్రీటు బయటి తలానికి మధ్యనుండే మందాన్ని కవరు అంటారు. కాంక్రీటులోని క్షారగుణము ఉక్కుకు తుప్పు పట్టకుండా కాపాడుతుంది. కవరు చాలకపోతే గాలి, తేమ, ఉప్పు లోపలికి చేరి ఈ రక్షణ పోతుంది. తుప్పు ఉక్కుకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక కాంక్రీటు పగిలి పెచ్చులుగా ఊడిపడుతుంది. పై ప్రమాణము ప్రకారము సాధారణ పరిస్థితులలో కవరు 20 మి.మీ., సముద్రతీరపు గాలికి నేరుగా గురయ్యే భాగాలకు 45 మి.మీ. ఉండాలి. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరపట్టణాలలో ఇది మరీ ముఖ్యము. ఈ దూరము కోసము కడ్డీల క్రింద సిమెంటు బిళ్ళలు పెడతారు. ఒకసారి కాంక్రీటు పోసిన తరువాత కడ్డీలు కంటికి కనబడవు, సరిచేయడమూ కష్టము. కనుక ఈ పరీక్షలన్నీ అంతకు ముందే పూర్తిచేయాలి.