కుడిమరామత్తు: చెరువుకు ఖర్చు ఎవరిది, నీళ్లు ఎవరివి?



కోవిల్పట్టి, సాత్తూరు, శంకరన్‌కోవిల్, తేని పక్క మన ఊళ్లలో కొద్దో గొప్పో భూమి ఉన్న ఇంట్లో చెరువు మాట రాకుండా వానాకాలం గడవదు. కట్ట కోసుకుపోయినా, తూము పూడిపోయినా ఇప్పుడు అందరం అనేది ఒకటే మాట: "గవర్నమెంటు చూసుకోవాలి." మన ముత్తాతల కాలంలో ఈ మాట లేదు. ఇది ఎప్పుడు వచ్చింది, ఎలా వచ్చింది అని చట్టాల వెంట వెళ్లి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. చెరువుకు ఖర్చు ఎవరు పెడతారో, నీళ్ల మీద మాట కూడా వాళ్లకే పోతుంది.

ముందు పాత కాలం చూద్దాం. ఉత్తరమేరూరులో పరాంతక చోళుడి కాలం నాటి 919, 921 శాసనాలలో చెరువు చూసుకోవడానికి ఊరి సభ వేసుకున్న 'ఏరి వారియం' ఉంది. చెరువు ఖర్చుకని విడిచిపెట్టిన భూమిని 'ఏరిప్పట్టి' అన్నారు. తెలుగు సీమలో చెరువు కట్టించినవాడికి, బాగుచేసినవాడికి 'దశబంధం' ఇనాము ఇచ్చేవారు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. వెయ్యిమంది కూలీలు రెండేళ్లు పనిచేశారని అందులో రాసి ఉంది. అంటే ఖర్చుకు దారి ముందే చూపించి, ఆ తరువాతే చెరువు కట్టేవారు.

చిన్న మరమ్మతు మాత్రం ఊరిదే. కాలువలో తుంగ తీయడం, కట్ట మీద గండ్లు పూడ్చడం, తూము దగ్గర ఒండ్రు తోడడం, ఇవన్నీ ఆయకట్టు రైతులు ఇంటికి ఇంత అని పంచుకుని చేసేవారు. మనం తమిళ బడిలో చదువుకున్న 'కుడిమరామత్తు' ఇదే. 'కుడి' అంటే రైతు కుటుంబం, 'మరామత్తు' అరబీ నుంచి వచ్చిన మరమ్మతు. రాతిపని, అలుగు కట్టడం లాంటి పెద్ద పని సర్కారుదో, జమీందారుదో.

కంపెనీ వాళ్లు శిస్తు మొత్తం ఖజానాకు తీసుకుపోయాక చెరువుకని ఊళ్లో మిగిలింది తక్కువ. చెరువులు పాడయ్యాయి. అప్పుడు మద్రాసు రాజధానికి 1858లో ఒకటవ చట్టం వచ్చింది. వరదకు కట్ట తెగేలా ఉంటే ఊరివాళ్లను పనికి రమ్మని బలవంతం చేయవచ్చు. వాడుక ప్రకారం చేయాల్సిన పనికి సరైన కారణం లేకుండా రానివాడు ఆ పని విలువకు రెండింతలు కట్టాలి. ఊరు తనంతట తాను చేసుకున్న పని ఈ చట్టంతో జుల్మానా కిందికి వచ్చింది. పనికి రాకపోతే శిక్ష ఉంది కానీ, వస్తే నీళ్ల మీద ఏ హక్కు ఉంటుందో అందులో లేదు.

ఏడేళ్లకు, 1865లో, మద్రాసు ఇరిగేషన్ సెస్ చట్టం వచ్చింది. దాని న్యాయం సూటిగా ఉంటుంది: ఆనకట్టలకూ కాలువలకూ సర్కారు చాలా ఖర్చు పెట్టింది, రైతుకు లాభం పెరిగింది, కాబట్టి సర్కారుకు తగిన ప్రతిఫలం రావాలి. ఆ నీళ్లు వాడుకుంటే శిస్తు కాక వేరే నీటితీరువ కట్టాలి.

ఈ చట్టం మీద పెద్ద వ్యాజ్యం తెలుగు నేల నుంచే వెళ్లింది. ఇప్పటి శ్రీకాకుళం జిల్లా ఉర్లాం జమీందారు వంశధార కాలువల నీళ్లకు సెస్సు కట్టనన్నారు. 1802 నాటి శాశ్వత పైసలా ఒప్పందంలోనే ఆ కాలువల హక్కు తమకు ఉందని వాదించారు. 1917లో లండన్ ప్రీవీ కౌన్సిల్ ఆయన పక్షాన తీర్పు చెప్పింది. హక్కుకు కొలత కాలువలే, అప్పుడు సాగులో ఉన్న ఎకరాలు కావు అంది. జమీందారు చేతిలో ఒప్పందం ఉంది, గెలిచాడు. రైత్వారీ రైతుకు అలాంటి కాగితం లేదు. అలవాటుగా వచ్చే నీళ్లు రావాలని అడగవచ్చు, ఎలా పంచాలో చెప్పే అధికారం మాత్రం సర్కారుదే.

1948 చట్టంతో జమీన్లు పోయాయి, జమీను చెరువులు కూడా సర్కారు కిందికి వచ్చాయి. తమిళనాడులో 40 హెక్టార్లకు పైన ఆయకట్టు ఉన్న చెరువులు రాష్ట్ర శాఖకు, చిన్నవి పంచాయతీ యూనియన్లకు అయ్యాయి. ఊరికి మిగిలింది అర్జీ పెట్టుకోవడమే.

మళ్లీ గాలి మళ్లింది 1997లో. ఆంధ్రప్రదేశ్ రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం తెచ్చింది. నీటితీరువ దాదాపు మూడింతలు పెంచి, పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు పెట్టింది. అదే దారిలో తమిళనాడు చట్టం 2000లో వచ్చింది. 2017లో 'కుడిమరామత్తు' పేరుతోనే 100 కోట్ల రూపాయలతో 1,519 పనులు మొదలుపెట్టారు. అందులో పదో వంతు రైతులది. కూలిగానో, సామానుగానో, డబ్బుగానో ఇవ్వవచ్చన్నారు.

ఆ పదో వంతే మనం గట్టిగా పట్టుకోవాల్సినది. అది రైతు నిజంగా పెడితే, "ఒండ్రు ఎంత లోతు తీశారు, ఆ మన్ను ఎక్కడికి పోయింది" అని కట్ట మీద నిలబడి అడగగలడు. అది కంట్రాక్టరే కట్టేస్తే, పేరు మనది, పని అతనిది. 1858లో హక్కు లేని పని వచ్చినట్టే ఇప్పుడు పని లేని సంతకం వస్తుంది.

అందుకని సభ్యులకు మూడు మనవులు. ఒకటి, ఆయకట్టులో భూమి ఉన్నవాళ్లు పట్టా తమ పేరు మీదికి మార్చుకోండి. తాతగారి పేరు మీదే ఉంటే సంఘం ఓటరు జాబితాలో మన పేరు రావడం కష్టం. రెండు, 1883లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకంలో కట్ట ఎత్తు, తూము మట్టం, అలుగు కొలతలు రాసి 'ట్యాంక్ మెమాయిర్' తయారుచేశారు. మీ చెరువుకు అది ఉందేమో ఇంజనీరు ఆఫీసులో అడిగి నకలు తీసుకోండి. మూడు, చెరువు పొరంబోకు ఎంతో 'ఎ' రిజిస్టరులో చూసి పెట్టుకోండి. ఆక్రమణలు తీయించడానికి 2007 చట్టం ఉంది, కానీ హద్దు తెలియకుండా అడిగేది ఏముంది?

పట్నాలకు వచ్చేశాం కదా, మనకెందుకు అని కొందరు అంటారు. భూమి అక్కడే ఉంది, కులదైవం అక్కడే ఉంది. ఆడి అమావాస్యకు ఊరికి వెళ్లినప్పుడు గుడితో పాటు కట్ట మీదికి కూడా ఒకసారి వెళ్లి, తూము తెరుచుకుంటోందో లేదో చూసి రండి. మీ ఊరి చెరువు సంగతి కింద రాయండి, అందరికీ పనికివస్తుంది.