స్కాలర్‌షిప్ ఎవరి సొమ్ము?

మా ఇబ్రహీంపట్నం మాదిగవాడల స్కాలర్‌షిప్‌ను ‘సర్కారు పైసలు’ అంటరు, ఎవరో దయతలిచి ఇచ్చినట్లు. దానికి చరిత్ర ఉన్నది. బాబాసాహెబ్ అంబేద్కర్ 1913లో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్‌తో కొలంబియా యూనివర్సిటీకి పోయిండు. ఆయన వైస్రాయి కౌన్సిల్ల సభ్యుడుగా ఉన్న కాలంలనే, 1944లో, షెడ్యూల్డు కులాల పిల్లలకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లు మొదలైనయి.

మా అయ్య దొర దగ్గర జీతగాడు. మా ఇంట్ల మొదటి డిగ్రీ నాదే. 2012లో ఎమ్మే హిస్టరీ సీటొచ్చింది. రీయింబర్స్‌మెంటు రాలేదని ఒక ప్రైవేటు కాలేజీ నా సర్టిఫికెట్లు ఆపింది. అవ్వ కడియాలు కుదువబెట్టి ఫీజు కట్టేసరికి గడువు దాటింది. చరిత్ర రాయాలనుకున్నోన్ని, బీఈడీ చేసి చరిత్ర పాఠం చెప్పే సర్కారు టీచరునైన.

ఇయ్యాల మా పదో తరగతిల “ఏమైతరు బిడ్డా?” అని అడిగిన. ఒకడు లాయరన్నడు. బాగ చదివే పిల్ల “నర్సునైత సార్” అన్నది. డాక్టరెందుకు కాదన్న. “నడుమ పైసలు ఆగితే ఎట్ల సార్?” అన్నది.

2020-21 నుంచి ఈ పథకానికి కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లు పెట్టాలని రాసుకున్నరు. రాసుకున్నది టైముకు ఇయ్యమనుడు బిచ్చం కాదు, హక్కు. ఆ పిల్లకు 1944 సంగతి చెప్పిన. నోటుబుక్కుల ‘డాక్టర్’ అనే రాయమన్న. రాసింది.