మన కళ – మన చరిత్ర (7): చిందు ఎల్లమ్మను నటగురువు అని ఎందుకు అనలేదు?

నేను ఎం.ఏ. తెలుగు చదివేటప్పుడు నాటక చరిత్ర 1880 దగ్గర మొదలైంది. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో 'వ్యవహార ధర్మబోధిని' ఆడించడం దగ్గర. చిందు భాగోతం వేరే పేపర్లో, జానపద కళల కింద, ఐదు మార్కుల ప్రశ్న. అందులో నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ పేరు లేదు. ఇప్పుడు నేనే పాఠం చెప్తున్నాను కాబట్టి ఆ ఐదు మార్కుల లెక్క తేల్చాలి.

చిందులు మాదిగల ఆశ్రిత కులం. మాదిగవాడలే వాళ్ల మిరాశీ. ఊరూరా తిరిగి భాగోతం ఆడి, జాంబపురాణం చెప్పి, త్యాగం తీసుకునేవాళ్లు. మన మూలపురుషుడు జాంబవంతుడని నలుగురి ముందు నిలబడి చెప్పింది వాళ్లే. పుస్తకాల్లో మనకు చోటు లేని కాలంలో మన చరిత్ర వాళ్ల నోట్లో బతికింది.

ఎల్లమ్మ చిన్ననాడే గజ్జె కట్టింది. ఆడ వేషాలతోపాటు మగ వేషాలూ వేసి మెప్పించింది. కూచిపూడిలో ఆడ వేషం కూడా మగవాళ్లే కట్టే కాలంలో, చిందు మేళంలో ఆడవాళ్లు రాజులై గద్దించారు. తెలుగు రంగస్థలం మీదికి స్త్రీలు ఎప్పుడొచ్చారని చర్చించేటప్పుడు ఈ సంగతి ఎవరికీ గుర్తుకు రాదు.

నాటక శిక్షణలో ఇంప్రొవైజేషన్ అని ఒక పాఠం ఉంటుంది. చిందులో అది రాత్రంతా నడిచే పని. కథ, పాటలు, దరువులు ధారణలో ఉంటాయి. మధ్యలో మాట అప్పటికప్పుడు పుడుతుంది. ముందు కూర్చున్నదెవరు, ఊర్లో ఏం జరుగుతోంది, జనం కునుకు తీస్తున్నారా అన్నది చూసుకుని వచనాన్ని పెంచాలి, తుంచాలి. మద్దెల, తాళం ఆ మాట వెంటే నడవాలి.

ఈ విద్యకు మేళమే బడి. పిల్లలు చిన్న వేషంతో మొదలుపెట్టి, పెద్దల పక్కన నిలబడి నేర్చుకుంటారు. ఎల్లమ్మ అట్లనే నేర్చుకుంది, మేళంలోవాళ్లకు అట్లనే నేర్పింది. ఇది నటశిక్షణ కాకపోతే మరేమిటి?

ఎల్లమ్మ దేవత వేషం కట్టిన చిందు స్త్రీకి ఊరంతా మొక్కింది. వేషం తీశాక అదే మనిషిని గడప అవతలే నిలబెట్టింది. మన చదువుల తీరూ అంతే. ఉత్సవాలకు చిందును పిలిచారు, నటన పాఠం చెప్పమని పిలవడానికి మాత్రం మనసు రాలేదు.

ఎల్లమ్మ 2005లో కన్నుమూసింది. 2024లో జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. కానీ పురస్కారం ఒక మనిషికి వస్తుంది. సిలబస్‌లో చోటు మొత్తం విద్యకు గౌరవం.

విద్యార్థి మిత్రులారా, మీ దగ్గర్లో చిందు కుటుంబం ఉంటే ఈ సెలవుల్లో పోయి కలవండి. ఏ వేషాలు కట్టారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎవరికి నేర్పారు అని అడిగి రాసుకోండి. ధారణలో ఉన్నది మనిషితోపాటే పోతుంది. రాసుకోవాల్సింది మనమే.

జై భీమ్.